ఫోయా నుంచి ఫోను

కువైట్‌లో, రుమైథియాలోని ఆ ఇంటికి కుంబా అనే కొత్త పనిమనిషి వస్తోందని విన్నప్పుడు, ఎవరో మన దేశపు మనిషేననుకుంది వెంకటదుర్గ. పేరు అలా ఉంది మరి. తీరా చూస్తే కారు దిగినావిడ ఆఫ్రికా మనిషి. ముప్ఫై ఆరో, ముప్ఫై ఏడో ఉంటాయి. పొడుగ్గా, బక్కపల్చగా ఉంది. చేతిలో ఒక్క గుడ్డసంచీ. వంటింటి గుమ్మంలో నిలబడి, లోపల అడుగు పెట్టకముందే పెరటి తలుపు ఎటుందో, కిటికీ ఎటు తెరుచుకుంటుందో చూసుకుంది. ఆ చూపు దుర్గకు వింతగా తోచింది.

"కుంబా అంటే ఏటమ్మా?" అని మొదటిరోజే అడిగింది దుర్గ, అరబ్బీ సగం, ఇంగ్లీషు సగం కలిపి. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవి ఆ రెండు సగాలే. మాట అందనప్పుడు ఈవిడ తెలుగులోకి, ఆవిడ తన కిస్సీ భాషలోకి జారిపోయేవారు. అయినా పని జరిగిపోయేది.

"రెండో ఆడపిల్ల అని. మా వాళ్ళలో మొదట పుట్టిన పిల్ల సియా. రెండోది కుంబా. మూడోది ఫిండా. ఏ ఇంట్లోనైనా అంతే."

"బాగుంది. పేర్లు ఎతుక్కోక్కర్లేదు. అయితే మీ అక్క సియా అన్నమాట. ఎక్కడుంటాది?"

కుంబా నేల తుడిచే బకెట్టు ఎక్కడ పెడతారని అడిగింది.

వెంకటదుర్గది కోనసీమ. ముమ్మిడివరం దగ్గర పల్లె. భర్త పోయిన ఏడాది కువైట్ వచ్చి, పన్నెండేళ్ళుగా ఆ ఒక్క ఇంట్లోనే వంట చేస్తోంది. ఊళ్ళో తల్లి బుల్లెమ్మ, అమలాపురంలో డిగ్రీ చదువుతున్న కూతురు నిత్య ఉన్నారు. ఇంటి డ్రైవరు కుక్కుటేశ్వరరావుది పిఠాపురం. దుర్గ కన్నా పదేళ్ళు పెద్ద, ఆవిడ అన్నయ్యగారని పిలుస్తుంది. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు వాళ్ళిద్దరే.

"లైబీరియానా? నాకు తెలుసమ్మా," అన్నాడాయన ఆ సాయంత్రం టీ తాగుతూ. "హైస్కూల్లో జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఉండేది. అమెరికాలో విడుదలైన బానిసలు ఓడలెక్కి వచ్చి కట్టుకున్న దేశం. రాజధాని మన్రోవియా. రెండు మార్కుల ప్రశ్న."

దుర్గ ఆ ముక్కను కుంబాకు అప్పగించింది. మీవాళ్ళు బానిసత్వంలోంచి బయటపడి దేశం కట్టుకున్నారటగా అని మెచ్చుకోలుగానే అంది. కుంబా బట్టలు మడతపెడుతున్న చేతులు ఆపింది.

"కట్టినవాళ్ళు వేరు. మేం వేరు. వాళ్ళు వచ్చేసరికి మేం అక్కడే ఉన్నాం."

మూడు నెలలదాకా దుర్గకు ఆవిడ గురించి తెలిసింది అంతే.

మూడో నెలలో, రెండువేల ఇరవైరెండు మే చివర, జిల్లా పేరు మార్చడం మీద అమలాపురంలో గొడవలు లేచాయి. ఇళ్ళు తగలబడ్డాయి. నెట్ ఆపేశారు. దుర్గ వాట్సాప్‌లో పెట్టిన మెసేజీకి ఒక్క టిక్కే పడింది. రెండో రోజూ ఒక్కటే. నిత్య కాలేజీ అమలాపురం నడిబొడ్డునే ఉంది. దుర్గకు చేతులు ఆడలేదు. బిర్యానీ బియ్యం రెండుసార్లు కడిగి, మూడోసారి కడగబోతుంటే కుంబా గిన్నె లాక్కుంది.

"మీ దేశంలో యుద్ధం మొదలైందా?"

"యుద్ధమేటి కుంబా? ఊళ్ళో గొడవ. నెట్ ఆపేసేరు."

"అలాగే మొదలవుతుంది. మీది ఏ తెగ? ఊరు దాటడానికి ఎన్ని దారులున్నాయి?"

"చుట్టూతా గోదారి. వంతెనలున్నాయి."

"వంతెన మీద ముందు వాళ్ళే నిలబడతారు. పడవ ఉందా? మీ అమ్మ నడవగలదా?"

దుర్గకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఊరుకోమని కసిరింది. నాలుగో రోజు కుక్కుటేశ్వరరావు ఫోను కార్డు తెచ్చిస్తే మామూలు కాల్ కలిసింది. నిత్య హాయిగా అమ్మమ్మ దగ్గరే ఉంది, పరీక్ష వాయిదా పడిందని సంతోషిస్తోంది. దుర్గ ఫోను పెట్టేసి చూస్తే, ఆ నాలుగు రోజులూ అంట్లతో సహా తన పనంతా కుంబా చేసేసిందని అర్థమైంది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని ములూఖియా ఆకు దూస్తుంటే, దుర్గ తనే అడిగింది, మీ ఊళ్ళో ఏం జరిగిందని.

కుంబా చెప్పుకొచ్చింది. ఒక్కరోజులో కాదు. ఆకులు దూసేటప్పుడు కొంత, ఇస్త్రీ దగ్గర కొంత, ఆ ఏడాది పొడుగునా.

రెండువందల ఏళ్ళ కిందట ఓడల్లో వచ్చినవాళ్ళు సముద్రపు ఒడ్డున దిగారు. అమెరికాలో దొరలు ఎలా బతికారో చూసినవాళ్ళు కాబట్టి ఇక్కడ తామూ అలాగే బతికారు. ఆ ఎండల్లో నల్లకోట్లు, పొడుగు టోపీలు, వరండాల ఇళ్ళు. స్వేచ్ఛ మీద ప్రేమే మమ్మల్ని ఇక్కడికి తెచ్చిందని దేశపు ముద్ర మీద రాసుకున్నారు. అడవుల్లో ఊళ్ళున్నవాళ్ళు వాళ్ళ లెక్కలో పౌరులు కారు. ఓటు లేదు. గుడిసెకు పన్ను మాత్రం ఉంది. నూరేళ్ళపాటు ఒకే పార్టీ ఏలింది.

"మా తాతగారి నాన్నను సైనికులు వచ్చి తీసుకుపోయారు," అంది కుంబా. "స్పెయిన్ వాళ్ళ దీవి ఒకటుంది, ఫెర్నాండో పో. అక్కడ కోకో తోటల్లో పనికి మా మనుషుల్ని ఓడలెక్కించి పంపేవారు. ఇష్టం ఉందా అని అడగరు. బానిసత్వం తప్పించుకొచ్చినవాళ్ళ మనవలే పంపారు. ప్రపంచమంతా గోల చేస్తే అప్పటి అధ్యక్షుడు దిగిపోయాడు. మా ముత్తాత మాత్రం తిరిగి రాలేదు."

తండ్రి లేని ఆ పిల్లవాణ్ణి, అంటే కుంబా తాతను, మన్రోవియాలో ఒక పెద్దింట్లో వదిలారు. నీళ్ళు మోసి, బూట్లు తుడిచి, పెరట్లో పడుకుని, అక్కడే నాలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. ఆ ఇంటిపేరే ఆయనకూ అంటించారు. అది ఫ్రీమన్. కుంబా పాస్‌పోర్టులోనూ అదే ఉంది. ఆ మాటకు అర్థం కుక్కుటేశ్వరరావు చెప్పాడు: స్వతంత్రుడు. తన పాస్‌పోర్టూ, కుంబాదీ పైన ఇంటి యజమాని బాబా గది బీరువాలో ఒకే అరలో ఉన్నాయి.

తర్వాత ఎనభైలో ఒక సార్జెంటు, అడవి తెగల మనిషి, అధ్యక్షుణ్ణి చంపి గద్దె ఎక్కాడు. పాత మంత్రుల్ని పదముగ్గుర్ని సముద్రపు ఒడ్డున స్తంభాలకు కట్టి కాల్చారు. కుంబా తల్లి ఆ కబురు విని ఊరందరితో పాటు చిందులేసిందట. మనవాడు వచ్చాడనుకున్నారు. ఐదేళ్ళకు ఆ మనవాడే ఎన్నికలు పెట్టి, ఓడిపోయాడని జనం అనుకుంటుండగా గెలిచానని ప్రకటించుకున్నాడు. ఆ ఏడే కుంబా పుట్టింది. ఆవిడ నాలుగో ఏట, క్రిస్మస్ ముందురోజు, యుద్ధం సరిహద్దు దాటి వచ్చింది. మధ్యలో కాస్త ఆగినా, మొత్తం పద్నాలుగేళ్ళు సాగింది.

"మా దేశంలో ఎన్నికలంటే ఇది, దుర్గా. తొంభై ఏడులో యుద్ధం చేసినవాడికే ఓటేశారు జనం. వెయ్యకపోతే మళ్ళీ మొదలెడతాడని. గెలిపించినా మళ్ళీ మొదలైంది."

రెండువేల ఇరవైమూడు సెప్టెంబరు వచ్చేసరికి కుంబా తిండి తగ్గించేసింది. అక్టోబరులో అక్కడ ఎన్నికలు. ఫుట్‌బాల్ ఆటగాడిగా పేరు పొందిన అధ్యక్షుడు ఒకవైపు, ఫోయా వైపు నుంచే వచ్చిన ముసలాయన ఒకవైపు. ఫోయా అంటే కుంబా వాళ్ళ ఊరు, గినీ సరిహద్దులో. సెప్టెంబరు నెలాఖరున ఫోయాలోనే రెండు పార్టీలవాళ్ళు కలబడి మనుషులు చచ్చిపోయారు.

కుంబాకు ఒక్కతే కూతురు, పంతొమ్మిదేళ్ళది. చెల్లెలు ఫిండా దగ్గర పెరుగుతోంది. మొదటి ఆడపిల్ల కాబట్టి పేరు సియా. ఆ పిల్ల పోలింగు సిబ్బందిలో చేరింది.

"వద్దని చెప్పవేటి?" అంది దుర్గ.

"చెప్పాను. నవ్వింది. మూడు రోజుల పని, కొత్త చొక్కా ఇస్తారు అంటుంది."

అక్టోబరు ఓట్లలో ఇద్దరికీ సగం రాలేదు. తేడా వెంట్రుకవాసి. నవంబరు పద్నాలుగున మళ్ళీ ఓటు పెట్టారు. ఆ ఐదు వారాలూ కుంబా ఫోను వదల్లేదు. ఇస్త్రీ చేస్తూ వింటూ, బాబా తెల్లటి దిష్‌దాషా అంగీ వీపు మీద గోధుమరంగు మచ్చ వేసేసింది. ఇంటి యజమానురాలిని అందరూ మామా అంటారు. మామా కేకలు వెయ్యలేదు. చెయ్యి చాపి ఫోను తీసుకుంది. "ఇకనుంచి శుక్రవారం మాత్రమే. ఖలాస్," అంది.

పోలింగు మంగళవారం. ఆ పొద్దున బెండకాయలు తరుగుతూ కుంబా మొదటిసారి అక్క సంగతి చెప్పింది. దుర్గ అడగలేదు.

రెండువేల ఒకటిలో, తల్లీ ముగ్గురు కూతుళ్ళూ ఫోయా విడిచి నడుస్తున్నారు. తండ్రి అప్పటికే గినీ శిబిరంలో జ్వరంతో పోయాడు. దారికి అడ్డంగా తాడు కట్టి తుపాకులతో నలుగురు నిలబడ్డారు. అందులో ఒకడు అక్క సియాను పక్కకు రమ్మన్నాడు. సియా నెత్తి మీది గిన్నె తీసి కుంబాకు ఇచ్చింది. మిగతావాళ్ళను నడవమన్నారు. వెనక్కి చూస్తే కాలుస్తామన్నారు.

"నేను చూడలేదు," అంది కుంబా. "పదహారేళ్ళు నాకు. చూడనే లేదు."

ఆ తర్వాత ఆ తల్లి మన్రోవియా చేరి, తెల్ల చొక్కా తొడుక్కుని, చేపల బజారు పక్క మైదానంలో వేలమంది ఆడవాళ్ళతో కూర్చుంది. క్రైస్తవులు, ముస్లిములు అని లేదు. ఎండలో, వానలో, యుద్ధం ఆపేదాకా లేవమని కూర్చున్నారు. చివరికి యుద్ధం ఆగింది. సియా రాలేదు. తల్లి ఎబోలా వచ్చిన ఏడాది పోయింది.

బుధవారం పొద్దున ఓట్ల లెక్కింపు సాగుతోందని కుక్కుటేశ్వరరావు ఫోనులో చదివి చెప్పాడు. ఒకసారి ఒకరు ముందు, ఇంకోసారి ఇంకొకరు. కుంబా నేల తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది.

దుర్గ తన ఫోను కొంగుచాటున పట్టుకుని నిలబడింది. ఆ దేశంలో ఉండడానికిచ్చే ఆవిడ ఇఖామా కార్డు గడువు ఆ నెలతో తీరిపోతోంది. కొత్త కాగితాల మీద బాబా ఇంకా సంతకం పెట్టలేదు. మామా మాట కాదంటే ఏమవుతుందో అక్కడ ఇన్నేళ్ళున్న మనిషికి తెలియనిది కాదు. అయినా కుంబాను బట్టలుతికే గదిలోకి తీసుకెళ్ళి ఫోను చేతిలో పెట్టింది.

"బేగా మాట్లాడేయ్. నేను గుమ్మంలో ఉంటాను."

కూతురు సియా ఫోను మోగలేదు. ఫిండాది కలిసింది. అవతల చెప్పిన మాట వింటూ కుంబా వాషింగు మెషీను అంచు పట్టుకుని, ముక్క ముక్కగా దుర్గకు అరబ్బీలో చెప్పింది. సియాను సోమవారమే బ్యాలెట్ పెట్టెలతో పాటు సరిహద్దు పక్క పల్లెకు పంపారు. అక్కడ ఫోను అందదు. మిగతా ఊళ్ళ బళ్ళు తిరిగొచ్చాయి. ఆ బండి రాలేదు.

దుర్గ అదే వింటూ ఉండిపోయి, వెనకనుంచి వచ్చిన అడుగుల చప్పుడు వినలేదు.

"యా దుర్గా," అంది మామా.

ఫోనులో ఫిండా గొంతు వినిపిస్తూనే ఉంది.

"ఫోను ఎవరిది?"

"నాదే మామా. నేనే ఇచ్చాను."

"నేనేం చెప్పాను?"

ఆ ఇంటి హాల్లో మీసాలు అప్పుడే వస్తున్న కుర్రవాడి ఫొటో ఉంది. మామా తమ్ముడు. తొంభైలో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు, తనిఖీ గేటు దగ్గర కారు దింపి తీసుకుపోయారు. ఈ దేశంలో ఆ గేటును సైతరా అంటారు. ముప్ఫై మూడేళ్ళయింది, ఎముక కూడా దొరకలేదు. ఆ ఫొటో గురించి ఆ ఇంట్లో పనివాళ్ళెవరూ నోరెత్తరు. ఇంతదాకా దుర్గా ఎత్తలేదు.

"మామా, వీళ్ళ అక్కని సైతరా దగ్గర దింపేసుకున్నారు. ఇరవై రెండేళ్ళయింది. ఉందో లేదో తెలీదు. ఇప్పుడు కూతురు ఎలక్షన్ పెట్టెల్తో ఎళ్ళింది. బండి తిరిగి రాలేదు. మీరు నన్నేవన్నా పడతాను."

మామా కుంబా వైపు చూసింది. కుంబా తల ఎత్తలేదు. "సైతరా," అని తనలో తను అనుకున్నట్టు అని, మామా మేడ మీదకు వెళ్ళిపోయింది.

ఆ రోజంతా దుర్గ సంచీ సర్దుకోమంటారేమోనని ఎదురుచూసింది. గురువారం పొద్దున వంటింటి గట్టు మీద కుంబా ఫోను కనిపించింది, చార్జరుతో సహా. మామా వచ్చి, రేపు భోజనానికి ముప్ఫైమంది వస్తున్నారనీ, పని పాడైతే మాత్రం కుంబాను తెచ్చిన ఆఫీసుకే తిప్పి పంపేస్తాననీ చెప్పింది. అంతే.

ఫోను చేతికొచ్చాక భయం తగ్గుతుందనుకుంది దుర్గ. రెట్టింపయింది. సైనికులు రోడ్డెక్కారని ఒక గొంతు, ఫలానా వీధిలో ఇళ్ళు ఖాళీ చేస్తున్నారని ఇంకో గొంతు, వాట్సాప్ నిండా అవే. కుంబా ఒక్కోటి నాలుగేసిసార్లు వినేది.

"ఉత్త పుకార్లమ్మా అవి," అన్నాడు కుక్కుటేశ్వరరావు. "పేపర్లో ఎక్కడా లేదు. మా పిఠాపురంలో కూడా ఎలక్షన్లప్పుడు ఇంతే, లేనిపోనివన్నీ పుట్టిస్తారు."

"మీ పిఠాపురంలో తర్వాత ఏమవుతుంది?" అంది కుంబా.

"ఏవుంది, ఓడినోడు ఇంట్లో కూర్చుంటాడు."

కుంబా ఆయన్ని నమ్మనట్టు చూసింది.

శుక్రవారం ముప్ఫైమంది వచ్చారు. మజ్బూస్ అన్నం పెద్ద పళ్ళేల్లో వెళ్ళింది, ఖాళీ అయి తిరిగొచ్చింది. కుంబా ఒక్క పొరపాటు చెయ్యలేదు. పళ్ళేనికీ పళ్ళేనికీ మధ్య దుర్గ కళ్ళతోనే అడిగేది, ఆవిడ తల అడ్డంగా ఊపేది. సాయంత్రం ఫిండా మెసేజీ పెట్టింది: బండిని వెతకడానికి మోటార్‌సైకిల్ మీద ఒకతను వెళ్ళాడు, దారిలో వాన.

శనివారం పొద్దున ఎనిమిదింటికి కుక్కుటేశ్వరరావు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. చెప్పులు కూడా విడవలేదు.

"అయిపోయిందమ్మా! ఆ ఫుట్‌బాలాయన రాత్రి రేడియోలో చెప్పేశాడు. నేను ఓడిపోయానన్నాడు. ముసలాయనకి తనే ఫోను చేసి అభినందించాడట. లెక్క ఇంకా పూర్తి కాకుండానే!"

కుంబా చేతిలో కత్తి అలాగే ఉంది. "ఎవరు చెప్పారు?"

"ఆయనే. ఇదిగో విను."

కుంబా విన్నది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ. తను గెలవకపోయినా దేశం గెలిచిందని ఏదో అంటున్నాడాయన. మూడోసారి విని, "ఆయన వెనకాల ఎవరైనా తుపాకీతో ఉన్నారా? కనబడుతోందా?" అని అడిగింది.

"లేరమ్మా. జెండా ఉంది."

"మా దేశంలో ఓడినవాడు ఫోను చెయ్యడు," అంది కుంబా. "ఇది ఏదో మోసం." కూరలు తరగడం మొదలుపెట్టింది. ముక్కలు అడ్డదిడ్డంగా పడుతుంటే దుర్గ కత్తి తీసేసుకుంది.

పన్నెండున్నరకు ఫోను మోగింది. ఫిండా నంబరు. ఎత్తితే ఫిండా కాదు.

కుంబా కిస్సీలో తిట్టడం మొదలెట్టింది. ఆ భాషలో దుర్గకు ఒక్క ముక్క తెలియదు, అయినా తల్లి పిల్లను ఏమని తిడుతోందో అంతా అర్థమైంది. బండి బురదలో కూరుకుపోయిందట. రెండు రోజులు పల్లె బడిలోనే పెట్టెల పక్కన పడుకున్నారట. తర్వాత పెట్టెలు తలల మీద పెట్టుకుని, ఇద్దరు పోలీసులతో నడిచి వచ్చారట. ఫోనులో చార్జింగు లేదు. ఇంతకీ ఎందుకు తిడుతున్నావు, మేం ఓట్లు సరిగ్గా లెక్కపెట్టాం అంటోందట ఆ పిల్ల.

ఫోను పెట్టేశాక కుంబా నేల మీద చతికిలబడింది. దుర్గ ఆవిడ ముందు అన్నం, పప్పు పెట్టింది. కుంబా మొత్తం తింది, ఇంకొంచెం అడిగింది. ఆ మధ్యాహ్నం మామా వంటింట్లోకి వచ్చి, ఎవరినీ చూడకుండా, "పిల్ల?" అంది. "వచ్చేసింది మామా," అంది దుర్గ. మామా ఫ్రిజ్‌లోంచి నీళ్ళ సీసా తీసుకుని వెళ్ళిపోయింది.

దుర్గ ఇఖామా ఆ తర్వాతి వారం వచ్చింది.

జనవరిలో కొత్త అధ్యక్షుడు ప్రమాణస్వీకారం చేస్తుంటే ముగ్గురూ కుక్కుటేశ్వరరావు ఫోనులో చూశారు. ప్రసంగం మధ్యలో ఆ ముసలాయన ఎండకు తూలి మాట ఆగిపోయింది. చుట్టూ జనం ఎగబడ్డారు. "చంపేశారు!" అని కుంబా అరిచిన అరుపుకు మేడ మీద తలుపు తెరుచుకుంది. వేడికి సొమ్మసిల్లాడనీ, బాగానే ఉన్నాడనీ తెలిసేసరికి గంట పట్టింది. ఆ గంటా దుర్గ ఆవిడ చెయ్యి వదల్లేదు.

ఏప్రిల్లో కాంట్రాక్టు తీరి కుంబా వెళ్ళిపోయింది. మామా ఇంకో రెండేళ్ళు ఉండమంది. కుంబా వద్దంది. బాబా బీరువా తెరిచి పాస్‌పోర్టు తెచ్చి ఇస్తే, పేరున్న పేజీ తెరిచి, చదువుకుని, మూసింది.

ఇప్పుడు ఫోయాలోనే ఉంటుంది. బడి ముందు వేయించిన కర్రపెండలం అమ్ముతుంది. నెలకోసారి దుర్గకు ఫోను చేస్తుంది. కిందటిసారి చేసినప్పుడు గొంతు బాగాలేదు. సియా మన్రోవియాలో చదువుకుంటోందట. ఎవరో విద్యార్థులతో కలిసి అట్టలు పట్టుకుని ఊరేగింపులో నడిచిందట. పోలీసులు ఉన్నారట.

"దానికి భయమంటే తెలియదు దుర్గా. అది చూస్తే నాకు భయం."

పొయ్యి మీద నూనె కాగుతోంది. దుర్గ మంట తగ్గించి, "పిల్ల ఇంటికొచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది. సెలవులుగా. ఇక్కడే ఉంది, తింటోంది," అంది కుంబా.